మిగిలిన చోటు: స్వయంనిర్మిత విమానాల్లో యాంటెనా ఇంజను గదికి చేరిన చరిత్ర

వ్యాససంగ్రహం

అమెరికాలో రెండవ ప్రపంచ యుద్ధానంతరం విస్తరించిన స్వయంనిర్మిత విమానోద్యమంలో రేడియో యాంటెనాను ఎక్కడ అమర్చాలన్న ప్రశ్న ఇంజను, రెక్క, ఇంధన వ్యవస్థల చరిత్రకు అనుబంధంగా మాత్రమే ప్రస్తావనకు వస్తుంది. కొందరు నిర్మాతలు యాంటెనాను ఇంజను గదిలోకి, అంటే మంటనిరోధక గోడకు ముందు, కౌలింగ్ అనే కప్పు లోపలికి తీసుకుపోయిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దాచిన యాంటెనాలన్నిటినీ ఫైబర్‌గ్లాస్ విమానాల వారసత్వంగా చూడడం వాడుక. ఇంజను గది విషయంలో ఆ వివరణ సరిపోదనీ, అది ప్రధానంగా లోహ విమానపు సమస్య అనీ, 1980ల తరువాత పెరిగిన నిబంధనలు, వేగంపై నిర్మాతలకున్న మమకారం కలిసి యాంటెనాను అక్కడికి నెట్టాయనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: స్వయంనిర్మిత విమానం, యాంటెనా, కౌలింగ్, ఫైబర్‌గ్లాస్, ట్రాన్స్‌పాండర్, వేరీఈజీ, ఆర్‌వీ విమానాలు.

1. బయట వేలాడిన తీగ

విమానం నుంచి రేడియో సందేశం పంపిన తొలి ప్రయత్నాల్లో ప్రసిద్ధమైనది 1910 ఆగస్టు 27న న్యూయార్క్ సమీపంలోని షీప్స్‌హెడ్ బే వద్ద జరిగింది. జేమ్స్ మెకర్డీ కర్టిస్ బైప్లేను నడుపుతూ మోర్స్ సంకేతాలు పంపాడు. అప్పటి తరంగాలు చాలా పొడవైనవి కనుక యాంటెనా కూడా పొడవుగా ఉండవలసి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగిదళానికి గురి చెప్పిన బ్రిటిష్ విమానాలు సుమారు 120 అడుగుల రాగితీగకు సీసపు గుండు కట్టి గాలిలో వేలాడదీసేవి. పైలట్ పని పూర్తికాగానే తీగను చక్రానికి చుట్టుకోవాలి. మరచిపోయి దిగితే తీగ తెగిపోయేది, కింద ఉన్నవారికి ప్రమాదం తప్పేది కాదు.

ఆ దశలో యాంటెనాను లోపల పెట్టాలన్న ఊహకే తావు లేదు. పైగా ఇంజను రేడియోకు శత్రువు. మాగ్నెటో ఇచ్చే ప్రతి నిప్పురవ్వా ఒక చిన్న ప్రసారమే. హెర్ట్జ్ 1880లలో తరంగాలను పుట్టించినది కూడా నిప్పురవ్వతోనే. నాలుగు సిలిండర్ల ఇంజనులో సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు ఉంటే, ఎనిమిది అవాంఛిత ప్రసారకేంద్రాలు ఉన్నట్టే. విమానాల్లో మాటలు వినగలిగే రేడియో 1920ల చివర, 1930లలో సాధ్యపడిందంటే అందుకు మెరుగైన రిసీవర్లు ఎంత కారణమో, ఇగ్నిషన్ తీగలకు తొడిగిన లోహకవచమూ అంతే కారణం. యాంటెనాను ఇంజనుకు వీలైనంత దూరంగా ఉంచాలన్న నియమం ఆ అనుభవం నుంచి పుట్టింది. తరువాతి తరాల స్వయంనిర్మాతలు ఉల్లంఘించినది ఈ నియమాన్నే.

రెండవ ప్రపంచ యుద్ధంతో అత్యున్నత పౌనఃపున్యం విమానరంగంలో స్థిరపడింది. నేడు పౌర విమానాల సంభాషణకు వాడే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ శ్రేణి మధ్యభాగంలో తరంగదైర్ఘ్యం రెండున్నర మీటర్లకు లోపే. దానిలో నాలుగోవంతు అంటే దాదాపు 59 సెంటీమీటర్లు. వందడుగుల తీగ రెండడుగుల కడ్డీ అయింది. అల్యూమినియం విమానంలో ఆ కడ్డీకి కావలసిన రెండో సగాన్ని, అంటే గ్రౌండ్ ప్లేన్‌ను, విమానపు చర్మమే సమకూర్చింది. కర్మాగారాల్లో తయారైన విమానాలకు ఈ ఏర్పాటు చాలు. యాంటెనా స్థానాన్ని తయారీదారు నిర్ణయిస్తాడు. కొన్నవాడు దాన్ని మార్చదలిస్తే ఆమోదం పొందాలి.

2. రేడియో లేని పారదర్శక విమానం

స్వయంనిర్మిత విమానాల చరిత్రలో ఒక విచిత్రం ఉంది. బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజనుతో ఎగరేసిన ఎయిర్ క్యాంపర్ కర్రతోనూ గుడ్డతోనూ చేసినది. ఆ పదార్థాలు రేడియో తరంగాలను అడ్డుకోవు. యాంటెనాను ఎక్కడ దాచినా పనిచేసే విమానమే, కాని దాచడానికి రేడియో లేదు. పాల్ పోబెరెజ్నీ 1953లో మిల్వాకీలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించినప్పుడు చేరిన తొలి సభ్యుల విమానాల్లోనూ చాలావాటికి విద్యుత్ వ్యవస్థే ఉండేది కాదు. ఇంజనును ప్రొపెల్లరు తిప్పి చేత్తో రగిలించి, పచ్చిక మైదానాల నుంచి ఎగిరే ఆ విమానాలకు నియంత్రణ గోపురంతో పనిపడేది అరుదు.

యాంటెనా ఎక్కడ అన్న ప్రశ్న, కనుక, స్వయంనిర్మాతకు కొంత ఆలస్యంగానే ఎదురైంది. ఆ ఆలస్యం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ప్రశ్న వచ్చేనాటికి సంఘం ఉంది, మాసపత్రిక ఉంది, 1970 నుంచి ఆష్‌కాష్‌లో ఏటా సమావేశం ఉంది. ఒకరు గరాజ్‌లో నేర్చుకున్నది మరొకరికి చేరే దారులు ఏర్పడి ఉన్నాయి.

3. వేరీఈజీ: చర్మం కింద రాగిపట్టీ

బర్ట్ రూటాన్ రూపొందించిన వేరీఈజీ 1975 మేలో తొలిసారి ఎగిరింది. మరుసటి ఏడాది దాని నిర్మాణపటాలు అమ్మకానికి వచ్చాయి. నురుగు దిమ్మెను వేడి తీగతో కోసి, దానిపై గాజు వస్త్రం పరచి ఎపాక్సీతో తడిపి గట్టిపరిచే పద్ధతి అది. అచ్చు అక్కరలేదు. 1979లో వచ్చిన లాంగ్-ఈజీ కూడా అదే బాటలో నడిచింది. రెండింటిలోనూ చిన్న రెక్క ముందు, ఇంజనూ ప్రొపెల్లరూ వెనుక.

ఈ విమానాలకు లోహచర్మం లేదు కనుక కడ్డీ యాంటెనాకు గ్రౌండ్ ప్లేన్ లేదు. మామూలు విమానపు యాంటెనాను తెచ్చి బిగిస్తే దానికి సగం శరీరమే ఉన్నట్టు. కాని అదే గాజు వస్త్రం తరంగాలకు అడ్డుకాదు. కాలిఫోర్నియాలోని ఆర్‌ఎస్‌టీ ఇంజినీరింగ్‌కు చెందిన జిమ్ వెయిర్ సూచించిన పరిష్కారం ఆశ్చర్యం గొలిపేంత సాదాది. అర అంగుళం వెడల్పుగల, జిగురున్న రాగిపట్టీలు రెండు, ఒక్కొక్కటి సుమారు 50 సెంటీమీటర్లు, నురుగుపై అంటించి డైపోల్‌గా చేసి, పైన గాజు వస్త్రం పరచడం. కోయాక్సియల్ కేబుల్ వెలుపలి తొడుగు తానూ ప్రసారంలో పాల్గొనకుండా కొన్ని ఫెరైట్ ఉంగరాలను కేబుల్‌కు తొడగడం. సంభాషణ తరంగాలు నిలువు ధ్రువణంతో ఉంటాయి కనుక ఆ యాంటెనా రెక్క చివర నిలువుగా లేచిన వింగ్‌లెట్‌లోకి వెళ్లింది. వీఓఆర్ దిశానిర్దేశ సంకేతాలు అడ్డు ధ్రువణంతో వస్తాయి కనుక వాటి యాంటెనా రెక్కలోనో ముందరి కెనార్డ్‌లోనో అడ్డంగా పడుకుంది. ఒక్కసారి ఎపాక్సీ గట్టిపడితే తప్పు దిద్దుకునే అవకాశం లేదు. కాబట్టి నిర్మాత విమానాన్ని మూసేముందే కొలవవలసి వచ్చింది.

రూటాన్ సంస్థ 1985లో పటాల అమ్మకం ఆపింది. అప్పటికే ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల 1980లలో ఎగరేసిన తేలికపాటి కెనార్డ్ పరిశోధక విమానం లాంగ్-ఈజీ ఆధారంగా నిర్మించినదే. ఆ ప్రయోగశాల తరువాత రూపొందించిన హంస శిక్షణ విమానం కూడా మిశ్రమ పదార్థాలతో చేసినదే.

ఇక్కడ ఒక విషయాన్ని నిశితంగా గమనించాలి. దాచిన యాంటెనా వేరీఈజీతో ప్రచారంలోకి వచ్చింది, నిజమే. కాని వేరీఈజీ నిర్మాతలు యాంటెనాను ఇంజను గదిలో పెట్టలేదు. పెట్టవలసిన అవసరమే లేదు. విమానమంతా పారదర్శకమైనప్పుడు వేడీ నూనే నిప్పురవ్వలూ ఉన్న చోటును ఎవరు కోరుకుంటారు? ఇంజనుకు దూరంగా రెక్క చివరన చోటు ఉండగా ఆ పాత నియమాన్ని మీరే అగత్యం వారికి లేదు. ఇంజను గది యాంటెనాను మిశ్రమ పదార్థాల విప్లవానికి నేరు వారసురాలిగా చెప్పే వాడుక వివరణ ఇక్కడే చిక్కుపడుతుంది. ఆ విప్లవం యాంటెనాను లోపల పెట్టవచ్చన్న ధైర్యాన్ని ఇచ్చింది. ఇంజను దగ్గర పెట్టమని చెప్పలేదు.

4. లోహ విమానపు ఏకైక కిటికీ

సమస్య మరో పాయలో ముదిరింది. రిచర్డ్ వాన్‌గ్రన్స్‌వెన్ రూపొందించిన ఆర్‌వీ-3 1971లో ఎగిరింది. తరువాత ఆర్‌వీ-4, ఆర్‌వీ-6, ఇంకా అనేకం వచ్చాయి. ఆ శ్రేణిలో ఎగిరిన విమానాల సంఖ్య పదివేలు దాటింది. స్వయంనిర్మిత విమానాల్లో ఇంతగా వ్యాపించిన వంశం మరొకటి లేదు. అవి రివెట్లతో కూర్చిన అల్యూమినియం విమానాలు. ఇంజను ముందుంటుంది.

అల్యూమినియం రేకును వంచడం తేలిక, గిన్నెలా మలచడం కష్టం. కౌలింగ్‌కు రెండు దిశల్లోనూ వంపులు కావాలి కనుక దానిని ఫైబర్‌గ్లాస్‌తో చేశారు. రెక్క చివరలు, తోక చివరలు కూడా అదే కారణంగా ఫైబర్‌గ్లాస్. ఆకృతి కోసం తీసుకున్న ఈ నిర్ణయం రేడియో దృష్ట్యా మరో ఫలితాన్నిచ్చింది. గాజునారతో బలపరచిన ప్లాస్టిక్ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తొలిగా విరివిగా వాడబడిన చోట్లలో రాడార్‌ను కప్పే రేడోమ్ ఒకటి. అంటే కౌలింగ్ తనకు తెలియకుండానే రేడోమ్ జాతికి చెందినది. లోహ విమానపు శరీరంలో తరంగాలు దాటగల భాగాలు బహుకొద్ది. పైలట్ కూర్చునే చోటి పారదర్శక గుమ్మటం, రెక్క చివరలు, తోక మీది కప్పులు, కౌలింగ్. వీటిలో ఖాళీ స్థలం ఎక్కువగా ఉన్నట్టు కనిపించేది కౌలింగ్. రేడియో పెట్టెలున్న పలకకు అతి దగ్గరిది కూడా అదే.

రెక్క చివరను బాబ్ ఆర్చర్ అనే యాంటెనా ఇంజినీరు సొంతం చేసుకున్నాడు. ఫైబర్‌గ్లాస్ చివరలో ఇమిడే ఆయన దిశానిర్దేశ యాంటెనా ఆర్‌వీ నిర్మాతల్లో బాగా వ్యాపించింది. అడ్డు ధ్రువణానికి రెక్క చివర సహజమైన చోటు. కాని నిలువు ధ్రువణం కోరే సంభాషణ యాంటెనాకు అక్కడ ఎత్తు చాలదు. తోక మీది కప్పు కింద అత్యవసర ప్రసారిణి యాంటెనా చేరింది. ఇలా ఒక్కొక్క కిటికీ నిండుతూ వచ్చింది.

5. ఎందుకు లోపలికి? గాలి లెక్క

నిర్మాతలు చెప్పుకునే మొదటి కారణం గాలి నిరోధం. దానిని లెక్కగట్టి చూడవచ్చు. అయిదు మిల్లీమీటర్ల మందం, 55 సెంటీమీటర్ల పొడవుగల నిటారు కడ్డీని గంటకు 180 మైళ్ల వేగంతో గాలిలో తోస్తే నిరోధం సుమారు 12 న్యూటన్లు, అంటే కిలోకు కాస్త ఎక్కువ బరువంత. దానికి ఖర్చయ్యే శక్తి సుమారు 1.3 అశ్వశక్తి. 160 అశ్వశక్తి ఇంజనుగల విమానంలో ఆ కడ్డీని తీసివేస్తే వేగం గంటకు ఒక మైలు కూడా పెరగదు. కడ్డీని వెనక్కు వంచితే లాభం ఇంకా తగ్గుతుంది.

లెక్క ఇంత స్వల్పమైనా ఆ మైలు కోసం పడిన ఆరాటం స్వల్పం కాదు. మైక్ ఆర్నల్డ్ నిర్మించిన ఏఆర్-5 విమానం 1992లో 65 అశ్వశక్తి ఇంజనుతో గంటకు 213 మైళ్ల వేగాన్ని అందుకుని తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. నిరోధాన్ని అణువణువునా తగ్గించడమే ఆ విమానపు రహస్యం. అలాంటి విజయాలను ఆదర్శంగా పెట్టుకున్న సమాజంలో బయటికి పొడుచుకువచ్చిన ప్రతి కడ్డీ నిర్మాత అశ్రద్ధకు సాక్ష్యంగా కనిపించింది. పొట్టకింది యాంటెనా హేంగరులో కాలికి తగిలి విరుగుతుంది. ఇంజను నూనె, పొగమసి వెనక్కు పారి దానిపై పేరుకుంటాయి. ఇవి చిన్న కారణాలే. కాని చిన్న కారణాలు కలిసి నిర్ణయాలు అవుతాయి.

6. సెరిటోస్ తరువాత

అంతకన్నా బలమైన కారణం చట్టం. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలస్ సమీపంలోని సెరిటోస్ పట్టణం మీద ఏరోమెహికో సంస్థకు చెందిన డీసీ-9, ఒక చిన్న పైపర్ విమానం ఢీకొన్నాయి. రెండు విమానాల్లోని 67 మంది, నేలమీది 15 మంది, మొత్తం 82 మంది మరణించారు. పైపర్‌లోని ట్రాన్స్‌పాండర్‌కు ఎత్తును తెలిపే సామర్థ్యం లేదు. తరువాతి సంవత్సరాల్లో పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల పరిధిలో ఎత్తు తెలిపే ట్రాన్స్‌పాండర్‌ను అమెరికా తప్పనిసరి చేసింది. పెద్ద విమానాలకు తాకిడి నివారణ పరికరాలు వచ్చాయి. ఆ పరికరం ఎదుటి విమానపు ట్రాన్స్‌పాండర్ జవాబిస్తేనే దాన్ని చూడగలదు.

విద్యుత్ వ్యవస్థగల స్వయంనిర్మిత విమానానికి కూడా ఇది వర్తించింది. యాంటెనా అంతకుముందు వినడానికి, మాట్లాడడానికి. ఇప్పుడు కనబడడానికి. 1990లలో జీపీఎస్ చేరింది. 2020 జనవరి 1 నుంచి అవే గగనతలాల్లో ఏడీఎస్-బి ప్రసారం తప్పనిసరి అయింది. సంభాషణ యాంటెనాలు ఒకటో రెండో, వీఓఆర్ ఒకటి, ట్రాన్స్‌పాండర్ ఒకటి, జీపీఎస్ రెండో మూడో, అత్యవసర ప్రసారిణి ఒకటి. ఇద్దరు పట్టే విమానంలో ఇన్నింటికి, ఒకదానికొకటి అడ్డుపడకుండా, చోటు వెదకాలి. ఇంజను గది ఎంపిక చేసుకున్న చోటు కాదు, మిగిలిన చోటు అనడానికి ఆధారం ఈ వరుసే.

7. ఇంజను గదిలో తరంగపు గతి

అక్కడ ఏ యాంటెనా పనిచేస్తుంది, ఏది చేయదు అన్నది తరంగదైర్ఘ్యాన్ని బట్టి మారుతుంది. ట్రాన్స్‌పాండర్ 1030 మెగాహెర్ట్జ్ వద్ద ప్రశ్న విని 1090 వద్ద జవాబు చెబుతుంది. తరంగదైర్ఘ్యం 27.5 సెంటీమీటర్లు, యాంటెనా దాదాపు ఏడు సెంటీమీటర్ల పుల్ల. పరిమాణంలో చక్కగా ఇముడుతుంది. కాని ఆ తరంగానికి ఇంజను ఒక కొండ. కొండ వెనుక నీడ పడుతుంది. మంటనిరోధక గోడ ఉక్కురేకు కనుక విమానం వెనుక దిశ కూడా నీడే. రాడార్ కేంద్రం వైపు ఎగురుతున్నప్పుడు స్పష్టంగా కనిపించే విమానం, దాన్ని దాటి వెళ్లేటప్పుడు మాయమయ్యే అవకాశం ఉంది.

సంభాషణ యాంటెనాది మరో కథ. రెండున్నర మీటర్ల తరంగం ఇంజనును చుట్టుకుని పోగలదు కనుక నీడ అంత గాఢంగా ఉండదు. అయితే 59 సెంటీమీటర్ల కడ్డీ కౌలింగ్‌లో నిటారుగా నిలవడం కష్టం. దాన్ని వంచాలి. వంచితే నిలువు భాగం తగ్గి ధ్రువణం తప్పుతుంది. చుట్టూ ఉన్న ఇంజను మోతగొట్టాలు, పొగగొట్టాలు, నియంత్రణ తీగలు కడ్డీకి అతి సమీపంలో ఉండి దాని శ్రుతిని మార్చేస్తాయి. ప్రసారిణి పంపిన శక్తిలో కొంత తిరిగి ప్రసారిణికే వస్తుంది. వెలుపల అరవై మైళ్లు పలికే రేడియో ఇక్కడినుంచి ఎంత దూరం పలుకుతుందో కొలిస్తే తప్ప చెప్పలేరు.

దిశానిర్దేశ యాంటెనాకు మరొక చిక్కు. ముందు తిరిగే లోహపు ప్రొపెల్లరు సంకేతాన్ని ముక్కలు చేస్తుంది. వీఓఆర్ దిశను చెప్పేది సెకనుకు 30 సార్లు ఊగే సంకేతం. రెండు రెక్కల ప్రొపెల్లరు నిమిషానికి 900 సార్లు తిరిగితే తరంగాన్ని సెకనుకు సరిగ్గా 30 సార్లు అడ్డగిస్తుంది. కొన్ని భ్రమణవేగాల వద్ద సూచిక ఆరు డిగ్రీల వరకు అటూ ఇటూ ఊగవచ్చని అమెరికా పౌరవిమానయాన సంస్థ పైలట్ల మార్గదర్శినిలోనే హెచ్చరించింది. రన్‌వే మధ్యరేఖను చూపే లోకలైజర్ 90, 150 హెర్ట్జ్ స్వరాలను పోల్చి పనిచేస్తుంది. లైకమింగ్ ఇంజనుల్లో విరివిగా వాడే గరిష్ఠ వేగం నిమిషానికి 2700 భ్రమణాలు. రెండు రెక్కలతో గుణిస్తే అది సెకనుకు సరిగ్గా 90 అడ్డగింపులు. ఇది కాకతాళీయమే. అయినా ప్రొపెల్లరుకు అరచేతి దూరంలో దిశానిర్దేశ యాంటెనా పెట్టేవాడికి ఇంతకన్నా మొండి కాకతాళీయం ఉండదు.

జీపీఎస్ యాంటెనా మాత్రం ఇంజను గదిలో స్థిరపడింది. దానికి కావలసినది పైనున్న ఆకాశం. చిన్నది, ప్రసారం చేయదు. మంటనిరోధక గోడ పైభాగాన చిన్న అరబిగించి, పై కౌలింగ్ కింద దాన్ని కూర్చోబెట్టడం ఆర్‌వీ నిర్మాతల్లో పరిపాటి అయింది. ఇక్కడ గోడే నీడగా కాక ఆసరాగా మారింది.

8. వేడి, మంట, నమ్మకం

తరంగాల శాస్త్రం కన్నా నిర్మాతలను త్వరగా మేల్కొలిపినది వేడి. సిలిండరు నుంచి వెలువడే పొగ ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. విమానం నేలపై ఆగాక గాలి ఆడక గది మరింత వేడెక్కుతుంది. దశాబ్దాలుగా విమానాల్లో వాడిన ఆర్‌జీ-58 కేబుల్ లోపలి బంధకం పాలిఎథిలీన్. సుమారు 80 డిగ్రీల వద్ద అది మెత్తబడుతుంది. అప్పుడు మధ్యతీగ పక్కకు జరిగి తొడుగును తాకవచ్చు. అది బయటికి కనబడదు, రేడియో క్రమంగా మూగబోతుంది. 200 డిగ్రీల వరకు తట్టుకునే టెఫ్లాన్ బంధకంగల ఆర్‌జీ-400 స్వయంనిర్మాతల్లో స్థిరపడడానికి బాబ్ నకల్స్ రాసిన ఏరోఎలక్ట్రిక్ కనెక్షన్ వంటి గ్రంథాల బోధన తోడ్పడింది.

ఇదే వేడి మరొక వైరుధ్యాన్నీ తెచ్చింది. పొగగొట్టాల సెగకు ఫైబర్‌గ్లాస్ కమిలిపోకుండా కింది కౌలింగ్ లోపల అల్యూమినియం రేకు అంటించడం చాలామంది నిర్మాతల అలవాటు. ఆ రేకు వేడిని తిప్పికొట్టినంత శ్రద్ధగా రేడియోను కూడా తిప్పికొడుతుంది. కౌలింగ్‌ను కాపాడుకోబోయి దాని పారదర్శకతను పోగొట్టుకున్నట్టు. బరువు తగ్గించేందుకు కార్బన్‌నార కౌలింగ్ వేసుకున్నవారికీ అంతే. కార్బన్‌నార విద్యుద్వాహకం. లాన్సైర్-4 వంటి కార్బన్ విమానాలు వచ్చాక, మిశ్రమ పదార్థమంటే పారదర్శకమన్న 1970ల సూత్రమే చెల్లకుండా పోయింది.

అన్నిటికన్నా గంభీరమైన అభ్యంతరం వేరు. గగనతలంలో రేడియో అత్యవసరమయ్యే క్షణం ఇంజను చెడిన క్షణం. ఇంజను గదిలో మంట లేచినప్పుడు అందులోని కేబుల్ మొదట కాలుతుంది. సహాయం అడగవలసిన సాధనం ఆపదతోపాటే నశిస్తుంది. విమానరూపకల్పనలో ఒక లోపం మరో లోపానికి దారితీయకూడదన్నది మూలసూత్రం. ఇంజను గదిలో ఏకైక సంభాషణ యాంటెనా దాన్ని నేరుగా భంగపరుస్తుంది. పైగా కేబుల్ కోసం మంటనిరోధక గోడకు వేసే ప్రతి రంధ్రం ఆ గోడ ఉద్దేశాన్నే బలహీనపరుస్తుంది, ఉక్కు బిగింపుతో, మంట తట్టుకునే లేపనంతో మూస్తే తప్ప. అత్యవసర ప్రసారిణి యాంటెనాను విమానం వెనుక భాగంలో పెట్టే ఆచారం కూడా ఇదే తర్కంపై నిలిచింది. కూలినప్పుడు మొదట నలిగేది ముక్కు.

అందువల్లే చట్టం అడగని యాంటెనాలు ఇంజను గదికి ముందు వెళ్లాయి. అమెరికా నావికా అకాడమీకి చెందిన బాబ్ బ్రునింగా అభివృద్ధి చేసిన ఏపీఆర్ఎస్ అనే హ్యామ్ రేడియో వ్యవస్థ ఉత్తర అమెరికాలో 144.39 మెగాహెర్ట్జ్ మీద స్థాననివేదికలు పంపుతుంది. హ్యామ్ లైసెన్సుగల నిర్మాతలు విమానంలో చిన్న ప్రసారిణి పెట్టి, ఇంట్లోవారు పటంపై తమ ప్రయాణాన్ని చూసే ఏర్పాటు చేసుకున్నారు. దాని యాంటెనా పొడవు కూడా అర మీటరు పైచిలుకే. ఒక సందేశం తప్పినా రెండు నిమిషాల్లో మరొకటి వెళుతుంది కనుక లోపభూయిష్ఠమైన చోటైనా సరిపోయింది. వంచిన కడ్డీని ఇంజను మోతకు దగ్గరగా, కౌలింగ్‌లో అమర్చి, ఎంత దూరం పలుకుతుందో ప్రతి ప్రయాణంలోనూ పటమే చెప్పింది. దుర్ఘటన జరిగితే చివరి చుక్క వెదుకులాటను కుదించగలదన్న ఆశ వారికి ఉంది. నియమబద్ధమైన సాధనం కన్నా ముందు అనియత సాధనం పరీక్షకు నిలిచిన సందర్భం ఇది.

9. పరీక్షించినది పెట్టెనా, దిక్కులనా?

స్వయంనిర్మాత స్వేచ్ఛకు హద్దు లేదని చెప్పలేము. ట్రాన్స్‌పాండర్‌ను ప్రతి 24 నెలలకు పరీక్షించాలని అమెరికా నియమం. కాని ఆ పరీక్ష నేలపై, విమానం పక్కన నిలబడి, సమీపం నుంచి చేసేది. పెట్టె జవాబు బలమూ పౌనఃపున్యమూ ఎత్తు సంకేతమూ అందులో తేలతాయి. విమానం ఎడమవైపు ఒరిగినప్పుడు ఇరవై మైళ్ల వెనుకనున్న కేంద్రానికి ఆ జవాబు చేరుతుందా అన్నది తేలదు. కౌలింగ్‌లో పెట్టిన యాంటెనా ఈ పరీక్షలో గెలవగలదు. చాలాకాలం ఇంజను గది యాంటెనాలపై వాదం తెగకపోవడానికి మూలం ఇక్కడ ఉంది. తన రేడియో బాగానే ఉందన్న నిర్మాత మాటకూ, ఉండదన్న ఇంజినీరు మాటకూ మధ్య తీర్పు చెప్పే కొలత లేదు. 1970లలో మొదలైన రూటాన్ సంస్థ వార్తాపత్రిక కెనార్డ్ పుషర్‌లో గానీ, 1984 నుంచి వెలువడిన కిట్‌ప్లేన్స్ మాసపత్రికలో గానీ జ్ఞానం సాగిన మార్గం వ్యక్తిగత అనుభవమే. దాని బలమూ బలహీనతా రెండూ అదే.

ఏడీఎస్-బి ఈ పరిస్థితిని కొంత మార్చింది. విమానం తన జీపీఎస్ స్థానాన్ని ప్రతి సెకనూ ప్రసారం చేస్తుంది, నేలకేంద్రాలు దాన్ని భద్రపరుస్తాయి. ఏ యజమాని అయినా తన విమానం జరిపిన ఒక ప్రయాణానికి సంబంధించిన నివేదికను అమెరికా పౌరవిమానయాన సంస్థ నుంచి ఉచితంగా కోరవచ్చు. స్థాననిర్ధారణ ఎంత కచ్చితంగా ఉంది, ఏ అంశాలు ఎంత శాతం సందేశాల్లో ప్రమాణానికి తగ్గాయి అన్నది అందులో అంకెల్లో ఉంటుంది. జీపీఎస్ యాంటెనా పై కౌలింగ్ కింద ఆకాశాన్ని సరిగా చూడలేకపోతే, ఆ లోపం మొదట తెలిసేది పైలట్‌కు కాకపోవచ్చు, ఆ నివేదికకు. యాంటెనా పేరు ఆ పత్రంలో ఎక్కడా ఉండదు. ఎరుపు రంగులో నిలిచిన కొన్ని గడులు మాత్రం ఉంటాయి. వాటిని చేతబట్టుకుని యజమాని హేంగరుకు వెళ్లి, కౌలింగ్ మేకులు లాగి, అరను మరికాస్త పైకి జరుపుతాడు, లేదా యాంటెనాను తిరిగి బయటికి, విమానపు వీపు మీదికి తెస్తాడు.